"మీరు ఆగినప్పుడు వాన పడుతోంది మేడమ్": ఫెట్‌హెడ్ మైక్ ప్రీయాంప్‌తో ఆరు నెలలు

నేను హనుమకొండలో జూనియర్ కాలేజీ తెలుగు లెక్చరర్‌ని. రెండేళ్లుగా చూపు లేని పిల్లల కోసం ఇంటర్, డిగ్రీ పాఠాలు చదివి, రికార్డు చేసి పంపుతున్నాను. డిసెంబర్‌లో ఒకరోజు డిగ్రీ రెండో సంవత్సరం చదివే అబ్బాయి ఫోన్ చేశాడు. చరిత్ర పాఠాలు బాగా అర్థమవుతున్నాయని చెప్పాడు. పెట్టేసే ముందు కాస్త మొహమాటపడి, "ఒక్కటే మేడమ్, మీరు ఆగినప్పుడు వెనకాల వాన పడుతోంది" అన్నాడు.

డిసెంబర్‌లో వానేమిటి అనుకున్నాను. ఆ రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నా రికార్డింగు నేనే మొదటి నుంచి విన్నాను. నిజమే. వాక్యానికీ వాక్యానికీ మధ్య సన్నగా, తెరిపి లేకుండా, సుయ్‌మని. నేను చదువుతున్నంతసేపూ మాటల కింద దాక్కుంటుంది, ఆగగానే పైకొస్తుంది. పద్యాల దగ్గర ఇంకా ఇబ్బంది. సీసంలో పాదం సగానికి విరిచి ఊపిరి తీసుకునే చోట అర్థం లోపలికి ఇంకాలి. సరిగ్గా అక్కడే ఆ జల్లు. ఈ పిల్లలు ఇయర్‌ఫోన్స్‌లో గంటలు గంటలు వింటారు, చాలామంది రెట్టింపు వేగంలో వింటారు. నేను వారానికి ఒక్కసారి వినేదాన్ని వాళ్లు రోజూ భరిస్తున్నారు. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదంటే మర్యాదకే చెప్పలేదు. ఆ విషయం నన్ను చాలా బాధపెట్టింది.

ఇంట్లో తక్కువ ఖర్చుతో గొంతు రికార్డు చేసుకునేవాళ్లకు, ముఖ్యంగా డైనమిక్ మైకు వాడేవాళ్లకు ఉపయోగపడుతుందని ఇదంతా రాస్తున్నాను. నేను చివరికి కొన్నది ట్రైటన్ ఆడియో వాళ్ల ఫెట్‌హెడ్, మైకు సిగ్నల్‌ను పెంచే చిన్న బూస్టర్. నెదర్లాండ్స్ కంపెనీ. దాని గురించి చెప్పే ముందు నా సామాను ఏమిటో చెప్పాలి, లేకపోతే నా మాట మీకు వర్తిస్తుందో లేదో తెలియదు.

మైకు షుర్ ఎస్ఎం58. మా తమ్ముడు పెళ్లి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాడు, వాళ్ల దగ్గర పాతబడ్డది నాకిచ్చాడు. జాలీ మీద ఒక సొట్ట ఉంది, పనిమాత్రం ఏమీ చెడలేదు. దాన్ని లాప్‌టాప్‌కి కలిపేది ఐదేళ్ల కిందట కొన్న చవక యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్. రికార్డింగుకు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్. రాత్రి పదకొండు దాటాక పడకగది పక్క చిన్న గదిలో కూర్చుంటాను. గోడ అవతల మా అత్తయ్య పడుకుంటారు. క్లాసులో లాగా గొంతెత్తి చదవడానికి వీల్లేదు. కథ చెప్పే స్వరంలో, తగ్గించి చదువుతాను. ఇంటర్‌ఫేస్ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే) నాబ్ చివరంటా తిప్పినా తెర మీద శబ్దపు గీత (వేవ్‌ఫారం) చీమల బారులా ఉండేది. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పెంచేదాన్ని. గొంతుతో పాటు వానా పెరిగేది.

ఎందుకలా అవుతుందో తమ్ముడు చెప్పేదాకా నాకు తెలియదు. ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకుకు బయటి నుంచి కరెంటు అందదు. గొంతు గాలికి పల్చటి పొర కదిలి, దానికి అంటుకున్న తీగచుట్ట అయస్కాంతం దగ్గర ఊగి, కొద్దిపాటి కరెంటు పుడుతుంది. ఎంత కొద్దిగా అంటే, 94 డెసిబెల్స్ శబ్దానికి 1.85 మిల్లీవోల్టులు. 94 డెసిబెల్స్ అంటే పెద్ద చప్పుడు. నేను రాత్రిపూట చదివే గొంతుకు అందులో పదో వంతు వస్తే గొప్ప. దాన్ని కంప్యూటర్‌కు పనికొచ్చేలా చేయాలంటే దాదాపు వెయ్యి రెట్లు పెంచాలి. వెయ్యి రెట్లంటే 60 డెసిబెల్స్. మైకు ప్రీయాంప్ పని ఇదే. ప్రతి ఇంటర్‌ఫేస్ లోపలా ఒక ప్రీయాంప్ ఉంటుంది. చవక వాటిలో అది చివరి పది డెసిబెల్స్‌కు వచ్చేసరికి ఆయాసపడుతుంది. ఆ ఆయాసమే మనకు వినిపించే సుయ్.

"అక్కా, ముందు వాన ఎక్కణ్నుంచి వస్తోందో చూద్దాం, తర్వాత కొనొచ్చు" అన్నాడు. ఆదివారం సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని వచ్చాడు. ఒక 150 ఓమ్ రెసిస్టర్ తీశాడు, బియ్యపుగింజ కంటే కాస్త పెద్దది, ఒంటి మీద గోధుమ, ఆకుపచ్చ, మళ్లీ గోధుమ రంగు గీతలు. మైకు కేబుల్‌కు ఉండే మూడు పిన్నుల ప్లగ్ (ఎక్స్‌ఎల్‌ఆర్) పాతదొకటి విప్పి రెండో పిన్నుకీ మూడో పిన్నుకీ మధ్య దాన్ని అతికించి, మూత బిగించాడు. ఖర్చు రెండు రూపాయలు కూడా కాలేదు. మైకు తీసేసి దాని చోట ఈ ప్లగ్ పెడితే, ఇంటర్‌ఫేస్‌కు 150 ఓమ్‌ల మైకు ఉన్నట్టే అనిపిస్తుంది, కానీ దానికి చెవులు లేవు. ఫ్యానూ, వీధీ, పక్కింటి టీవీ ఏవీ అందులోకి రావు. గెయిన్ మామూలుగా వాడేంత పెట్టి అర నిమిషం రికార్డు చేస్తే వచ్చేదంతా ప్రీయాంప్ సొంత చప్పుడే.

నేను ఫైలుకు ఇచ్చే మామూలు పెంపుదల ఇచ్చి చూస్తే మైనస్ 54 డెసిబెల్స్ దగ్గర ఉంది (రికార్డింగులో సున్నా అంటే పట్టగల అతి గట్టి శబ్దం, మైనస్ అంకె పెరిగేకొద్దీ నిశ్శబ్దం). తర్వాత మైకు పెట్టి, నేను మాట్లాడకుండా, ఫ్యాను తిరుగుతుండగా అర నిమిషం: మైనస్ 48. ఫ్యాను ఆపి ఇంకో అర నిమిషం: మైనస్ 53. అంటే ఫ్యాను ఆపేశాక మిగిలిన చప్పుడంతా దాదాపు ఇంటర్‌ఫేస్‌దే. గది నేననుకున్న దానికంటే నిశ్శబ్దంగా ఉంది. ఒక పోలిక కావాలంటే, అంతర్జాతీయంగా ఆడియో పుస్తకాలు తీసుకునే ఏసీఎక్స్ అడిగేది మౌనంలో మైనస్ 60 లేదా అంతకంటే తక్కువ. నేను అమ్మకానికి చదవడం లేదు. అయినా డబ్బిచ్చి వినేవాళ్లకు దొరికే శుభ్రత మా పిల్లలకెందుకు దొరకకూడదు అనిపించింది.

ఈ పరీక్ష చేయకుండా ఏదీ కొనకండి. మీ చప్పుడు ఫ్యానుదో ఫ్రిజ్‌దో అయితే ఏ ప్రీయాంపూ దాన్ని తగ్గించదు, గొంతుతో సమానంగా పెంచుతుంది. అలాగే సన్నటి సుయ్ కాకుండా బొంగురుగా గుంయ్‌మని వినిపిస్తే అది కరెంటు హమ్. ఎర్తింగ్ సరిగా లేకపోయినా, చార్జర్ వల్లనైనా వస్తుంది. లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద ఒకసారి రికార్డు చేసి చూడండి. నాకు హమ్ లేదు కాబట్టి అందులోకి వెళ్లను.

డబ్బు ఖర్చుకాని పని ముందు చేశాను. మైకును జానెడు దూరం నుంచి బెత్తెడు దూరానికి తెచ్చాను. దూరం సగం చేస్తే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ప్రీయాంప్ చప్పుడు మాత్రం పెరగదు. అంత దగ్గరికొస్తే "భ", "ఘ", "ఫ" మైకు మీద దెబ్బ కొట్టినట్టు పడతాయి. మన పద్యాల్లో ఒత్తక్షరాలకు కొదవ లేదు. నోటి గాలి దెబ్బను ఆపే తెర (పాప్ ఫిల్టర్) పెట్టి, మైకును నోటికి ఎదురుగా కాకుండా పెదవుల మూలకు గురిపెడితే సర్దుకుంది. దీంతోనే వాన చినుకుల్లోకి దిగింది. పూర్తిగా ఆగలేదు. ఇంకా దగ్గరికి పోతే గొంతు మరీ బరువెక్కుతోంది.

ఒక పెళ్లికి హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో రెండు మూడు షాపులు తిరిగాను. అందరూ ట్యూబ్ ప్రీయాంప్, అంటే లోపల పాతకాలపు రేడియోల్లో లాంటి గాజు వాల్వు ఉన్నది, చూపించారు. "వాయిస్ వార్మ్‌గా వస్తది మేడమ్" అన్నారు. పెట్టె ముందు చిన్న అద్దం, దాని వెనక నారింజ వెలుగు. చూడటానికి ముచ్చటగా ఉంది. కొనేసేదాన్నే. తమ్ముడి ట్రూపులో ఒకతని దగ్గర అలాంటిదే వేరే కంపెనీది ఉందని తెలిసి, వారం రోజులు అడిగి తెచ్చుకున్నాను.

మొదటి రెండు రోజులూ వాన కాస్తా తుఫాను అయింది. కారణం నేను కలిపిన తీరు. ట్యూబ్ పెట్టె నుంచి వచ్చిన వైరును మళ్లీ ఇంటర్‌ఫేస్ మైకు ఇన్‌పుట్‌లోనే పెట్టాను. అంటే ఒక ప్రీయాంప్ పెంచినదాన్ని ఇంకో ప్రీయాంప్‌కు ఇచ్చాను. విడి ప్రీయాంప్ కొంటే దాని అవుట్‌పుట్ లైన్ ఇన్‌పుట్‌లోకి (ముందే పెంచిన సిగ్నల్‌ను తీసుకునే రంధ్రం), పావు అంగుళం టీఆర్ఎస్ వైరుతో వెళ్లాలి. మీ ఇంటర్‌ఫేస్‌లో లైన్ ఇన్‌పుట్ ఉందో లేదో విడి పెట్టె కొనే ముందే చూసుకోండి. సరిగ్గా కలిపాక తుఫాను తగ్గింది. అయినా రెసిస్టర్ ప్లగ్ పెట్టి కొలిస్తే నా పాత ఇంటర్‌ఫేస్ కంటే రెండు డెసిబెల్స్ మాత్రమే మెరుగు. ఆ ధరలో దొరికే చాలా ట్యూబ్ పెట్టెల్లో అసలు పెంచే పని చిప్పులు చేస్తాయి. ట్యూబు తక్కువ వోల్టేజీ మీద నడుస్తూ కాస్త రంగు పూస్తుంది, అంతే. పాడేవాళ్లకు, గిటార్ వాయించేవాళ్లకు ఆ రంగు నచ్చవచ్చు. పాఠం చదివేవాళ్లకు "స", "శ", "ష" మూడూ విడివిడిగా, స్పష్టంగా వినపడాలి. నాకు కావలసింది శుభ్రమైన గెయిన్, ఇంకేమీ అక్కర్లేదు అని ఆ వారంలో తేలింది.

అప్పుడు ఫెట్‌హెడ్ తెప్పించాను. పదివేలకు కాస్త లోపే పడింది. డబ్బా తెరిస్తే బొటనవేలంత లావున్న లోహపు గొట్టం. ఒక వైపు మైకుకు తగిలే మూడు రంధ్రాలు, ఇంకో వైపు కేబుల్‌కు తగిలే మూడు పిన్నులు. బటన్ లేదు, లైటు లేదు, నాబ్ లేదు. మైకు తోకకు తగిలిస్తే టక్కుమని కూర్చుంటుంది, వెనక మామూలు కేబుల్ పెట్టడమే. అడాప్టర్ అక్కర్లేదు. కండెన్సర్ మైకుల (పనిచేయడానికి కరెంటు కావలసిన సున్నితమైన మైకులు) కోసం ఇంటర్‌ఫేస్ కేబుల్ గుండానే ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌తో నడుస్తుంది. మైకు నుంచి వచ్చే సిగ్నల్‌ను 27 డెసిబెల్స్ పెంచి, అంటే ఇరవై రెట్ల పైచిలుకు చేసి, ఇంటర్‌ఫేస్‌కు అందిస్తుంది. ఇక ఇంటర్‌ఫేస్‌కు చివరంటా ఆయాసపడే పని ఉండదు. ఇదివరకు అయిదు గంటల మీదికి తిరిగే నా నాబ్ ఇప్పుడు పదకొండు గంటల దగ్గర ఆగుతోంది.

మొదటి రాత్రి 48 వోల్టుల బటన్ నొక్కి (హెడ్‌ఫోన్ వాల్యూమ్ తగ్గించి నొక్కండి, లేకపోతే ఠప్‌మంటుంది) ఒక సీసం చదివాను. మొదటి పాదం విరిచి ఆగాను. చెవుల్లో ఏమీ లేదు. కాసేపటికి కాజీపేట వైపు నుంచి ఒక రైలు కూత వినిపించింది, ఎక్కడో దూరంగా. ఇన్నేళ్లూ నా రికార్డింగుల్లో ఆ కూత ఆ సుయ్ కింద మునిగిపోయి ఉండేది. అప్పుడు చదవడం ఆపేసి ఆ నిశ్శబ్దాన్నే ఓ నిమిషం వింటూ కూర్చున్నాను.

రెసిస్టర్ ప్లగ్‌ను ఫెట్‌హెడ్‌కు తగిలించి, చివరికి అదే పెంపుదల వచ్చేలా పెట్టి కొలిస్తే మైనస్ 66. పన్నెండు డెసిబెల్స్ తేడా. మైకు పెట్టి, ఫ్యాను ఆపి కొలిస్తే మైనస్ 61. మిగిలింది గది చప్పుడే.

ఈ మెరుగు అందరికీ రాదు. నా ఇంటర్‌ఫేస్ పాతది, చప్పుడు ఎక్కువ చేసేది కాబట్టి నాకింత తేడా వచ్చింది. ఇప్పుడొచ్చే మంచి ఇంటర్‌ఫేస్‌ల ప్రీయాంప్‌లే చాలా నిశ్శబ్దంగా ఉంటున్నాయి. 150 ఓమ్‌ల రెసిస్టర్ తన వేడికే తాను కొంత చప్పుడు చేస్తుంది, అది దాదాపు మైనస్ 131 డీబీయూ (వోల్టేజీని డెసిబెల్స్‌లో చెప్పే కొలత). లక్షలు పోసినా ఏ ప్రీయాంపూ దాటలేని గీత అది. స్పెసిఫికేషన్లలో ప్రీయాంప్ సొంత చప్పుడు ఎంతో చెప్పే ఈఐఎన్ అని ఒక అంకె ఇస్తారు. అది మైనస్ 127, 128 దగ్గర ఉంటే మీ ప్రీయాంప్ ఆ గీతకు మూడు నాలుగు డెసిబెల్స్ దూరంలో ఉన్నట్టే. ఇక బూస్టర్ పెట్టి బాగుపరచడానికి మిగిలింది చాలా తక్కువ. ఆ అంకె పక్కన "ఎ-వెయిటెడ్" (చెవికి తక్కువగా వినిపించే శబ్దాలను తగ్గించి లెక్కించినది) అని ఉంటే ఒకటి రెండు డెసిబెల్స్ అందంగా చూపిస్తున్నారని లెక్కలో తీసేసుకోండి.

అందుకే, మొదటిసారి అంతా కొత్తగా కొనేవాళ్లకు నేను ఫెట్‌హెడ్ చెప్పను. ఆ డబ్బును ఇంటర్‌ఫేస్‌లోనే పెట్టండి. గెయిన్ ఎంత ఇస్తుందో చూసి కొనండి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 మూడో తరంలో మైకు గెయిన్ 56 డెసిబెల్స్ ఉండేది, 2023లో వచ్చిన నాలుగో తరంలో 69 చేశారు. నాలాంటి మెల్లని గొంతుకు, ఎస్ఎం58కి అది ధారాళంగా సరిపోతుంది, బూస్టర్ ఖర్చు మిగులుతుంది. మోటు ఎం2లో 60, ఆడియెంట్ ఈవో 4లో 58 డెసిబెల్స్. దగ్గరగా మాట్లాడే అలవాటుంటే అవీ సరిపోతాయి. అందరూ యూట్యూబ్‌లో చూసి అడిగే షుర్ ఎస్ఎం7బికి ఎస్ఎం58 కంటే ఇంకో నాలుగైదు డెసిబెల్స్ ఎక్కువ కావాలి. కనీసం 60 ఉండాలని షుర్ వాళ్లే చెబుతారు. మైకు మీద అంత ఖర్చుపెట్టి చవక ఇంటర్‌ఫేస్‌కు తగిలిస్తే మళ్లీ వానే.

నాకు మాత్రం పాత ఇంటర్‌ఫేస్ ఇంకా పనిచేస్తోంది, దాన్ని మూల పడేయబుద్ధి కాలేదు. పైగా బూస్టర్ అయితే రేపు ఇంటర్‌ఫేస్ మారినా వెంట వస్తుంది.

క్లౌడ్‌లిఫ్టర్ సీఎల్-1 గురించి కూడా ఆలోచించాను. అదీ ఇలాంటిదే, 25 డెసిబెల్స్ వరకు ఇస్తుంది, చిన్న నీలం పెట్టె. మైకుకూ దానికీ, దానికీ ఇంటర్‌ఫేస్‌కూ రెండు కేబుళ్లు కావాలి, నేను చూసినప్పుడు ధరా ఎక్కువే. డీబీఎక్స్ 286ఎస్ అనే విడి ప్రీయాంప్ కూడా చాలామంది చెప్పారు. అందులో గొంతు హెచ్చుతగ్గులను సమం చేసే కంప్రెసర్, "స" ధ్వనుల పదును తగ్గించే డీఎస్సర్, మౌనంలో చప్పుడు మూసేసే గేట్ అన్నీ ఉన్నాయి. రేడియో తరహా గొంతు కావాలనుకునేవాళ్లకు మంచిది. నాకున్న చిన్న బల్ల మీద దానికి చోటు లేదు, అన్ని నాబ్‌లు రాత్రిపూట సరిచూసుకునే ఓపికా లేదు.

మరి కండెన్సర్ మైకే కొంటే అసలీ గొడవే ఉండదు కదా అని ఒక సహోద్యోగి అడిగింది. లెక్కకు సరైన మాటే. రోడ్ ఎన్‌టీ1-ఎ లాంటిది ఎస్ఎం58 కంటే పది రెట్ల పైగా గట్టి సిగ్నల్ ఇస్తుంది, దాని సొంత చప్పుడు 5 డెసిబెల్సే. కానీ ఖాళీ గోడల గదిలో, జానెడు దూరంలో పెడితే అది నా గొంతుతో పాటు గోడల మీంచి తిరిగొచ్చే మోతనూ, వీధి కుక్కలనూ, పక్కగదిలో అత్తయ్య దగ్గునూ కూడా శ్రద్ధగా పట్టుకుంటుంది. పరుపులు, దుప్పట్లు వేలాడదీసి గదిని సిద్ధం చేసుకోగలిగినవాళ్లు నిశ్చింతగా అటు వెళ్లండి.

ఫెట్‌హెడ్ కొనేవాళ్లు తెలుసుకోవలసినవి మూడు. మామూలు ఫెట్‌హెడ్ ఫాంటమ్ పవర్‌ను తనే వాడుకుంటుంది, మైకు దాకా పంపదు. కాబట్టి కండెన్సర్ మైకుకు పనికిరాదు, వాటికి ఫెట్‌హెడ్ ఫాంటమ్ అని వేరే రకం ఉంది. ఆర్డర్ పెట్టేటప్పుడు పేరు జాగ్రత్తగా చూడండి. రెండోది, మీ ఇంటర్‌ఫేస్‌లో ఫాంటమ్ పవర్ తప్పనిసరిగా ఉండాలి. ఫోనుకు కలిపే చిన్న సౌండ్ కార్డులు కొన్నింటిలో అది ఉండదు. మూడోది, దీనికి గెయిన్ తగ్గించే వీలు లేదు. ఎప్పుడూ 27 డెసిబెల్సే. మా తమ్ముడు ఒకసారి ఇదే మైకు పెట్టి డప్పు రికార్డు చేద్దామని చూస్తే మొదటి దెబ్బకే మీటరు ఎర్రబడింది. తీసేసి మామూలుగా పెట్టుకున్నాడు. దీన్ని మెల్లని శబ్దాలకు ఉంచుకోవాలి.

ఇంకో చిన్న సంగతి. మైకు తోకకు తగిలిస్తే మైకు పొడవు పెరిగి నా సన్నపాటి స్టాండు మీద వెనక్కి వాలుతోంది. దాన్ని తీసి ఇంటర్‌ఫేస్ చివర తగిలించాను. నా కేబుల్ మూడు మీటర్లే, వినడానికి తేడా ఏమీ లేదు. కేబుల్ బాగా పొడవైతే మైకు దగ్గరే పెట్టడం మంచిది, దారిలో వైరు పట్టుకునే చప్పుడు పెరగకుండా ఉంటుంది.

నా చెవుల మీద నాకు పూర్తి నమ్మకం లేక, ఆ అబ్బాయికే మూడు ఫైళ్లు పంపాను. ఒకే పేరా మూడుసార్లు చదివాను. పాత పద్ధతిలో ఒకటి, ట్యూబ్ పెట్టెతో ఒకటి, ఫెట్‌హెడ్‌తో ఒకటి. మూడింటి శబ్దం ఒకే మట్టానికి తెచ్చాను. ఏది దేనితో చేశానో చెప్పలేదు, ఒకటి రెండు మూడు అని పేర్లు పెట్టానంతే. గట్టిగా ఉన్నది ఎప్పుడూ మెరుగ్గా వినిపిస్తుంది కాబట్టి మట్టం సమానం చేయకుండా పోల్చకూడదని తమ్ముడు ముందే హెచ్చరించాడు.

సాయంత్రం ఫోన్ వచ్చింది. "ఒకటిలో వాన పడుతోంది మేడమ్. రెండులో కూడా వానే, కానీ కిటికీ వేసినట్టుంది. మూడులో వాన లేదు" అన్నాడు. నేను సంతోషంగా ఏదో అనబోతుండగా, "మూడులో ఇంకోటి వినబడుతోంది మేడమ్, మీరు పేజీ తిప్పడం" అన్నాడు.

అప్పటి నుంచి పాఠం జిరాక్సు తీయించి, కాగితాలు పిన్ను తీసేసి బల్ల మీద పక్కపక్కనే పరుచుకుని చదువుతున్నాను.